నీళ్లలో కలిపిన తల

వరల్డ్ కప్ కోసం ఖతార్ అంతా తవ్విపోస్తున్న రోజుల్లో నా ఉద్యోగం దేవుళ్లకు కొక్కేలు చేయడం. ఈ మాట గుంటూరులో చెబితే మా వాళ్లెవరూ నమ్మలేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మెసయీద్ స్టీలు ఫ్యాక్టరీలో కొన్నేళ్లు పొగ పీల్చి, చివరికి ఒక ముసలి ఖతరీ పెద్దమనిషి సొంత మ్యూజియంలో ఇత్తడి కడ్డీలు వంచుతూ కూర్చున్నానంటే నాకే ఒక్కోసారి చిరాకేసేది. పాత శిల్పాన్ని అద్దాల పెట్టెలో నిలబెట్టాలంటే వెనక నుంచి దాన్ని పట్టుకునే సన్నటి ఇత్తడి చేతులు కావాలి. అవి రాయిని ఒరుసుకోకూడదు, చూసేవాళ్లకు కనబడకూడదు. పని బాగా చేస్తే ఎవరూ చూడరు, బాగా చేయకపోతే అందరూ చూస్తారు. నాకున్న కోపిష్టి బుద్ధికి ఇలాంటి పని ఎవరు తగిలించారో తెలియదు.

మ్యూజియం అల్ ఖోర్ వైపు ఉండేది. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు డ్యూటీ బస్సులు పోయే దారిలోంచి సముద్రం వైపు తిరిగితే ఒక పాత పెద్ద ఇల్లు, దాని వెనక కొత్తగా కట్టిన హాలు. దేశమంతా అతిథుల కోసం ముస్తాబవుతుంటే ఆ పెద్దమనిషికీ తన ఇల్లు తెరవాలని కోరిక పుట్టింది. ఏళ్ల తరబడి ఎక్కడెక్కడో కొన్న వస్తువులన్నీ చెక్కపెట్టెల్లో వస్తూనే ఉండేవి. రోజూ మా గోడల మీద ఎర్రమట్టి దుమ్ము, రోజూ ఎవరో ఒకరు తుడవడం. ఆ రెండేళ్లలో నేను దుమ్ము లేని కాఫీ తాగిన గుర్తు లేదు.

పెట్టెలు దించడం, విప్పడం, మోయడం చూసుకునే మనిషిది జగిత్యాల దగ్గర ఊరు. సప్లై కంపెనీ ద్వారా వచ్చాడు. అంతకుముందు సైట్ల మీద పనిచేశాడు. నాకంటే కాస్త పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేవాణ్ని. ఆయన నన్ను సారూ అనేవాడు, ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు. చేతులు మోటుగా ఉండేవి గానీ వస్తువును పట్టుకుంటే మాత్రం పురిటి బిడ్డను పట్టుకున్నట్టే పట్టుకునేవాడు. అందుకే మేడమ్ ఆయన్ని వేరే పనికి పోనిచ్చేది కాదు. మేడమ్ అంటే యూరప్ నుంచి వచ్చిన నిపుణురాలు. పాత రాళ్లను శుభ్రం చేయడం, విరిగినవి అతకడం ఆవిడ చదువు. మాట కటువు, మనసు మంచిదే.

జగిత్యాల అన్నకు ఒక తమ్ముడు. మెసయీద్‌లో ఒక కార్మికుల క్యాంపులో ఉండేవాడు. కరోనాతో విమానాలు ఆగిపోయిన ఏడాది, ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. శవాన్ని పంపడానికి కార్గో విమానం ఉంది, మనుషులు వెళ్లడానికి లేదు. తమ్ముడి పెట్టె ఊరికి పోయింది, అన్న ఇక్కడే ఉండిపోయాడు. చితి వెలిగించడం ఫోన్లో చూశాడట. ఈ సంగతి నాకు మొదటి వారంలోనే, అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఎత్తి ఏం అనాలో తెలియక.

వరల్డ్ కప్‌కు ముందటి ఏడాది, ఎండలు తగ్గుముఖం పట్టే వేళకు అలబాస్టర్ పలకలు వచ్చాయి. అలబాస్టర్ అంటే పాలరాయి అనుకుంటారు, కాదు. గోటితో గీస్తే గీత పడేంత మెత్తటి రాయి. వెస్ట్ బే టవర్లలో నెత్తి మీద కనిపించే జిప్సం సీలింగులకూ దీనికీ చుట్టరికం ఉంది. కాకపోతే దీనికి మీగడ రంగు, అంచు మీద దీపం పెడితే లోపలికి వెలుగు దిగుతుంది. కొన్ని వందల ఏళ్ల కింద ఇంగ్లండులో ఎవరో చర్చి పీఠం కోసం చెక్కిన పలకలు అవి. ఒకదానిలో దేవదూత మరియమ్మకు కబురు చెబుతున్నాడు, మధ్యలో కుండీలో లిల్లీ పువ్వు. ఒకదానిలో క్రీస్తు శిలువ మోస్తున్నాడు. ఒకదానిలో సమాధిలోంచి లేచి, నిద్రపోతున్న సైనికుడి మీద కాలు పెట్టి దిగుతున్నాడు. అక్కడక్కడా ఎరుపు, ఆకుపచ్చ రంగుల మరకలు, జుట్టు మీద బంగారు పూత తునకలు. చాలా ముఖాలు మాత్రం లేవు. ఎప్పుడో మతం గొడవల్లో వాళ్ల దేశం వాళ్లే సుత్తులతో కొట్టేశారని మేడమ్ చెప్పింది. మరియమ్మ ముఖం ఉండాల్సిన చోట గరుకు రాయి ఉంది. నేను చదివింది మిషనరీ బడిలో. ఈ కథలన్నీ చిన్నప్పుడు రంగుల బొమ్మల్లో చూసినవే. ముఖాలతో చూసినవి.

వచ్చిన రోజే మేడమ్ అందరినీ నిలబెట్టి ఒక్కటే చెప్పింది. నీళ్లు తగలకూడదు. నేను ఆ మాట తెలుగులోకి మార్చి చెప్పాను. "నీళ్లు తగిలితే కరుగుతుందన్నా. తడిబట్ట కూడా పెట్టొద్దు."

"కరుగుతదా? మట్టి గణపతి లెక్కనా సారూ?"

"అంత తొందరగా కాదు గానీ, కరుగుతుంది."

ఆయన తల ఊపాడు. నేను నా కడ్డీల దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ పలకల్లో ఒక్కదాని ఫొటో ముందు ఆయన ఎక్కువసేపు నిలబడేవాడు. ఆ పెట్టె విప్పకముందే ఫొటో గోడకు అంటించి ఉంది. క్రీస్తు శవాన్ని రాతిపెట్టెలోకి దించుతున్న దృశ్యం. తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు, గుడ్డ అంచులు పట్టుకుని వంగి ఉన్నారు. వెనక తల్లి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల ముఖాలన్నీ చెక్కేసి ఉన్నాయి. చనిపోయినవాడి ముఖం ఒక్కటే మిగిలింది. కళ్లు మూసుకుని, గడ్డం రెండు పాయలుగా, నోరు కొంచెం తెరుచుకుని. ఆ ముఖాన్ని ఎందుకు వదిలేశారో మేడమ్‌కీ తెలియదు.

"గీళ్లు ఆయనకు ఏమైతరు సారూ? గీ దించెటోళ్లు?"

"ఏమీ కారన్నా. తెలిసినవాళ్లు. ఆయన మాట విన్నవాళ్లు."

"సొంతోళ్లు రాలేదా? అన్నలు, తమ్ముండ్లు?"

"తల్లి ఉంది కదా."

"తల్లి ఉన్నది." గుడ్డ పట్టుకున్నవాళ్ల మీదికి వేలు జరిపాడు. "పెట్టెలకు దించెటోళ్లల్ల సొంతోళ్లు లేరు." నేను పక్క పలకలో మూడో రోజు క్రీస్తు లేచి వస్తాడని చూపించబోయాను. అన్న అటు చూడలేదు. ఆ పూట నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు.

తర్వాత జరిగిందంతా ఒక పాత అతుకు వల్ల జరిగింది. ఆ చనిపోయినవాడి తల ఎప్పుడో ఒకసారి విరిగితే ఎవరో మెడలో ఇత్తడి పుల్ల గుచ్చి జిగురుతో నిలబెట్టారు. ప్రయాణంలో, ఎండలో, ఆ జిగురు వదిలేసింది. గురువారం పలకను ఫోమ్ పరుపులోంచి ఎత్తినప్పుడు చుట్టిన కాగితంతో సహా ఎత్తి అరలో పెట్టారు. గది చల్లదనానికి రాయి అలవాటు పడేదాకా విప్పకూడదని పద్ధతి. తల మాత్రం కాగితం మడతలోంచి జారి ఫోమ్ గుంటలోనే ఉండిపోయింది. ఎవరూ చూడలేదు. మేడమ్ చూడలేదు, పక్కనే ఉన్న నేనూ చూడలేదు. ఖాళీ పెట్టె, ఫోమ్ ముక్కలు బయట చెత్త పక్కకు పోయాయి. సాయంత్రం ఆ ముక్కలు సర్దుతుంటే అన్నకు దొరికింది. నిమ్మకాయంత తల.

శుక్రవారం, శనివారం సెలవు. ఆదివారం పొద్దున మేడమ్ అర దగ్గర కాగితం విప్పి అరిచిన అరుపు నేను వర్క్‌షాపులోంచి విన్నాను. వెళ్లేసరికి ఆవిడ గోడ మీది ఫొటోకూ పలకకూ మధ్య చూపు తిప్పుతూ నిలబడి ఉంది. ఫొటోలో తల ఉంది. పలకలో మెడ దగ్గర చిన్న రంధ్రం ఉంది.

అందరం వెతుకులాటకు దిగాం. చెత్త డబ్బా తిరగేశాం. అప్పుడు ఆయన తోపుడు బండి తోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఏం వెతుకుతున్నారని నన్ను అడిగాడు. చెప్పాను.

"గదా? నేనే తీసిన సారూ," అన్నాడు ఏ తొట్రుపాటూ లేకుండా. "చెత్తల పడేసిండ్రు. సముద్రంల కలిపిన."

మేడమ్ నా ముఖమే చూస్తోంది, ఏమన్నాడు అని. నేను ఇంగ్లీషులో చెప్పాను. నా ఇంగ్లీషు ఆ క్షణాన ఎంత పనికిరాకుండా పోయిందో ఇప్పటికీ గుర్తుంది. మా దగ్గర విరిగిన దేవుడి విగ్రహాన్ని ఇంట్లో ఉంచరు, చెత్తలో వేయరు, నీళ్లలో వదులుతారు అని చెప్పాను. అది గౌరవం అని చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపులో నేనూ కలిసి అబద్ధం అల్లుతున్నానన్న అనుమానం ఉంది.

"నీళ్లు తగలకూడదని చెప్పాను కదా," అంది చివరికి. "కరుగుతుందని చెప్పాను కదా."

నేను ఆయన వైపు తిరిగి అదే అడిగాను.

"కరగాలె గద సారూ. కరిగితెనే మంచిది. ప్లాస్టర్ గణపతి కరగదు, మల్ల ఒడ్డుకొస్తది, కాళ్ల కింద పడ్తది. ఇది కరుగుతదని మీరే జెప్పిండ్రు."

ఈ మాట నేను మేడమ్‌కు అనువాదం చేయలేదు. చేసినా ఏం లాభం ఉండేది కాదు.

మధ్యాహ్నానికి సప్లై కంపెనీ మేనేజర్ వచ్చాడు. ఆయనకు ఇదంతా కట్టుకథ. అంత విలువైన వస్తువును ఎవడైనా సముద్రంలో పారేస్తాడా, ఎవరికో అమ్మేసి ఉంటాడు, పోలీసులకు అప్పజెబితే వాళ్లే కక్కిస్తారు అన్నాడు. హిందీలో అరిచాడు, అరబ్బీ కలిపి అరిచాడు. అన్న తల వంచుకుని ఒకే మాట చెబుతూ వచ్చాడు. "చోరీ నహీ కియా సాబ్. పానీ మే ఛోడా." దొంగతనం అన్న మాట వినబడినప్పుడల్లా ఆయన మెడ దగ్గర నరం కదిలేది. నాకు ఒళ్లు మండిపోయింది. మేనేజర్‌తో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను, దానివల్ల అన్నకు కీడే జరిగింది.

సాయంత్రం నమాజు అయ్యాక ఇంటి యజమాని వచ్చాడు. తెల్లటి దుస్తుల్లో, చేతికర్రతో, నెమ్మదిగా. అందరి మాటలూ విన్నాడు. నా మాట కూడా మధ్యలో ఆపకుండా విన్నాడు. తలలేని పలకను చాలాసేపు చూశాడు. ఆయన ముస్లిం, ఇది క్రైస్తవుల దేవుడు, పోగొట్టింది హిందువు. అలాంటి ఆలోచన ఏమైనా ఆయన మనసులో మెదిలిందో లేదో నాకు తెలియదు.

"సముద్రంలో పెట్టాడంటే సముద్రంలోనే ఉంటుంది," అన్నాడు ఇంగ్లీషులో. "రేపు నీళ్లు వెనక్కి పోయే వేళకు వెళ్లి చూపించమనండి. దొరికితే పోలీసు లేదు. దొరక్కపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు."

ఇంతకంటే న్యాయమైన మాట ఎవరూ చెప్పలేరని నాకు అనిపించింది. సంతోషంగా అన్నకు తెలుగులో చెప్పాను.

"నేను తియ్య సారూ," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నను నా కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాను. వెనక ఇంకో కారులో మేడమ్, మేనేజర్. రోడ్డుకు రెండు పక్కలా క్రేన్లు, దూరంగా డేరాలా కట్టిన స్టేడియం, ఉక్కపోత. ఏసీ వేసినా అద్దాలకు చెమట పట్టింది.

"అన్నా, చూపించు చాలు. నువ్వు దొంగవు కాదని తేలిపోతుంది. ఇంతకన్నా ఏం కావాలి?"

"కలిపినదాన్ని మల్ల తీస్తరా సారూ? మీ ఇంట్ల గణపతిని బకెట్ల ముంచుతరు గద. మల్ల తీసి అల్మార్ల పెడ్తరా?"

"అది గణపతి కాదు. దాన్ని కలపమని నీకెవడు చెప్పాడు?" నా గొంతు లేచింది.

"ఎవ్వలు జెప్పలె. చెత్తల ఉండె. అన్నీ మొకాలు లేనియే ఉన్నయ్, ఇది గూడ భిన్నమైందని ఇడిచిపెట్టిండ్రు అనుకున్న. దేవుని తలకాయ చెత్తల ఉంటె ఏం జెయ్యాలె, మీరే జెప్పుండ్రి."

మా ఇంట్లో ఫ్రిజ్ వెనక ఒక సంచి ఉండేది. అందులో పాత దేవుడి క్యాలెండర్లు, అద్దం పగిలిన లక్ష్మీదేవి పటం, చెయ్యి విరిగిన ఇత్తడి కృష్ణుడు. మా ఆవిడ వాటిని ఇక్కడి చెత్తలో వేయనిచ్చేది కాదు. సెలవులకు వెళ్లినప్పుడల్లా సూట్‌కేసులో పెట్టుకుని కృష్ణా నది దాకా మోసేది. విమానాశ్రయంలో ఇవేంటని అడిగితే ఏం చెప్పాలా అని ప్రతిసారీ నేను విసుక్కునేవాణ్ని. ఫోమ్ ముక్కల్లో ఆ తల నాకు దొరికి ఉంటే నేను మేడమ్‌కు ఇచ్చేవాణ్ని, నిజమే. మా ఆవిడకు దొరికి ఉంటే ఏం చేసేదో నేను చెప్పలేను.

"తమ్ముని పేరు జెప్పి ఇడిచిన," అన్నాడు ఆయన రోడ్డు వైపు చూస్తూ.

నేను కారు వేగం తగ్గించాను.

"వాణ్ని కాల్చిండ్రు, బొక్కలు ధర్మపురి కాడ గోదాట్ల కలిపిండ్రు. నేను ఫోన్ల జూసిన. నడుమల సిగ్నల్ పోయింది. మల్ల వచ్చేసరికి అంతా అయిపోయి ఇంటికి పోతున్నరు. నా చెయ్యి తాకలె సారూ. వాణ్ని ఈడికి తెచ్చింది నేను, నా చెయ్యే తాకలె. గీ తలకాయ దొరికినప్పుడు, నా చేతికి గూడ ఒక్కటి దొరికింది అనుకున్న. శుక్రారం పొద్దుగాల స్నానం జేసి పోయిన. గీ పని జేసినంక రెండొద్దులు మంచిగ నిద్ర పట్టింది."

వెనక కారు హారన్ కొట్టింది. యల్లా, యల్లా అని మేనేజర్ చెయ్యి బయట పెట్టి ఊపుతున్నాడు.

"మరి దొంగ అని పంపిస్తే?" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

ఆయన వేలితో అద్దం మీది చెమట తుడిచాడు. "ఊర్ల ఏమంటరో ఎరికే. దుబాయ్ల దొంగతనం జేసి దొరికిండు అంటరు. తమ్ముని పిల్లలు నా మీదనే ఉన్నరు. దొంగోని చేతిల పెరుగుతున్నరు అంటరు. రేపు వాళ్లను ఎవ్వలన్న బళ్లె అంటరు."

అల్ ఖోర్ దగ్గర ఒడ్డు వాలుగా ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది. నీళ్లు వెనక్కి పోతే బురద, ఇసుక, చిన్న చిన్న మడుగులు చాలా దూరం తేలతాయి. ఒక తుప్పు పట్టిన ఇనుప గుంజ ఉంది, ఒకప్పుడు పడవలు కట్టేవాళ్లట. తల దాని మొదట్లోనే వదిలానని, ఈత రాదు కాబట్టి అంతకన్నా లోపలికి పోలేకపోయానని చెప్పాడు. చెప్పులు కారులోనే విడిచాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి నడవసాగాడు. నేను వెనకే నడిచాను. మేడమ్ బూట్లతోనే బురదలోకి దిగింది. మేనేజర్ ఒడ్డునే నిలబడి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు.

గుంజ చుట్టూ ఇసుక గుంట పడింది, అందులో మోకాలి లోతు నీళ్లు. ఆయన వంగి చూశాడు. నాకూ కనిపించింది. అడుగున, నాచు పక్కన, తెల్లగా.

"నువ్వు చూపించావు కదా, చాలు," అన్నాను. "నేను తీస్తాను."

"వద్దు సారూ. నేను కలిపిన, నేనే తీస్త. ఆ పాపం మీకెందుకు."

నీళ్లలో చెయ్యి ముంచి కళ్లకు అద్దుకున్నాడు. పెదవులు కదిలాయి, ఏమన్నాడో నాకు వినబడలేదు. తర్వాత రెండు చేతులూ లోపలికి పెట్టి తీసి, భుజం మీది తువ్వాలులో పెట్టుకున్నాడు. వెంటనే మేడమ్‌కు ఇవ్వలేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేనూ వంగి చూశాను. ముఖం లేదు. మూసుకున్న కళ్లు, కొద్దిగా తెరుచుకున్న నోరు, రెండు పాయల గడ్డం, జుట్టు మీది బంగారం, ఏవీ లేవు. అరిగిన సబ్బు ముక్కలా ఒక ఉండ మిగిలింది. సుత్తులతో వచ్చినవాళ్లు వందల ఏళ్ల కింద ఆ పలకలో వదిలేసిన ఒకే ఒక్క ముఖాన్ని నాలుగు రోజుల ఆటుపోట్లు తుడిచేశాయి.

మేడమ్ చేతులు చాచింది. ఆయన తువ్వాలుతో సహా ఇచ్చాడు. ఆవిడ ఉండను తిప్పి కింద చూసింది. మెడ ఉండాల్సిన చోట ఇత్తడి పుల్ల మొన పైకి లేచి ఉంది.

"ఇదే," అంది. ఇంకేదో అనబోయి ఏడ్చేసింది. ఆవిడ అలా ఏడుస్తుందని నేను అనుకోలేదు. నాకు ఆవిడ మీద ఉన్న కోపమంతా పోయింది. ఆయన ఆవిడను చూసి తల దించుకుని, "మాఫీ మేడమ్, మాఫ్ కరో," అన్నాడు. అంత దుఃఖంలోనూ ఆవిడ సరే అన్నట్టు తల ఊపింది.

దొంగతనం లేదని మేనేజర్ ఒప్పుకున్నాడు. పోలీసు లేదన్న మాట యజమాని నిలబెట్టుకున్నాడు. కానీ ఇక ఈ మనిషి చేతికి ఏ వస్తువూ ఇవ్వలేం అన్నారు. సప్లై కంపెనీ వేరే పని చూపించలేదు. వీసా క్యాన్సిల్, టికెట్, ఖలాస్. పంపించేముందు ఒక సాయంత్రం నేను వాళ్ల క్యాంపుకు వెళ్లాను. ఆయన గదిలో ఉన్నవాళ్లంతా ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. ఈయన దొంగతనం చేయలేదు, నేను అక్కడే ఉన్నాను, వస్తువు దొరికింది అని అందరికీ వినబడేలా చెప్పాను. వాళ్లు టీ ఇచ్చారు. ఒకాయన, "మాకు ఎరికే సారూ, ఊరికి గట్లనే ఫోన్ జేస్తం," అన్నాడు. అన్న మంచం మీద కూర్చుని బ్యాగుకు తాడు కడుతున్నాడు, ఆ మాటలకు తల ఎత్తలేదు. బయటికి సాగనంపడానికి వచ్చినప్పుడు మాత్రం, "మీరు వచ్చుడు మంచిగైంది సారూ," అన్నాడు.

ఆ ఉండ తిరిగి ఆ శరీరానికి అతకదని మేడమ్ తేల్చింది. పలక పక్కనే విడిగా ప్రదర్శించాలని నిర్ణయించారు. దానికి ఇత్తడి చేతులు చేయాల్సింది నేనే. మూడు సన్నటి వేళ్లు చేసి, కొసలకు మెత్తటి తొడుగు వేసి, కింద నుంచి పట్టుకునేలా అమర్చాను. నా జన్మలో అంత అయిష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు. కింద చిన్న చీటీ మీద నీటి వల్ల దెబ్బతిన్నది అని ఇంగ్లీషులో, అరబ్బీలో రాశారు. ఎవరి చేతి నుంచి, ఎందుకు అన్నది రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు.

మరుసటి ఏడాది, మ్యూజియం తెరవడానికి కాస్త ముందు, జెండాలు కట్టి ఊరంతా వెలిగిపోతున్న రోజుల్లో అన్న ఫోన్ చేశాడు. నేను ఆ హాల్లోనే దీపాలు సరిచూస్తున్నాను. ఫోన్లో నీళ్ల చప్పుడు, జనం గోల.

"ధర్మపురిల ఉన్న సారూ. తమ్ముని రెండో సంవత్సరీకం. పిల్లలను తీస్కొచ్చిన."

మంచిదన్నా అన్నాను. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానన్నాడు. ట్రాక్టర్ నడుపుతున్నాడట. ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదట. పిల్లలు బడికి పోతున్నారట. నాకు ప్రాణం కొంచెం తేలికపడింది.

"గా తలకాయ ఏమైంది సారూ?"

అది నా ముందే ఉంది, నేను చేసిన మూడు వేళ్ల మీద, దీపం కింద. "అద్దాల్లో పెట్టారన్నా. జాగ్రత్తగా ఉంది."

"ఇగ నీళ్లల్ల ఇడువరా?"

"ఇడవరన్నా. అది ఇక్కడే ఉంటుంది."

నేను దీపాన్ని కొంచెం పక్కకు తిప్పాను.

"వాని బొక్కలు ఎన్నడో కలిపిండ్రు," అన్నాడు. "నా వంతుది మీ కాడ ఉన్నది. నీళ్లల్ల నిలబడ్డ సారూ. ఇప్పుడు నేనేం కలుపాలె?"

అక్కడ పిల్లలెవరో పెద్దబాపూ, పెద్దబాపూ అని పిలుస్తున్నారు. ఆయన ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.